కాఫీ ట్రఫుల్స్ ఇంట్లోనే: ఏ కాఫీ, ఏ చాక్లెట్, ఏ క్రీమ్ ఎంచుకోవాలి?

మొదటిసారి కాఫీ ట్రఫుల్స్, అంటే కాఫీ రుచి ఉన్న మెత్తని చాక్లెట్ ఉండలు, చేసి ఇంట్లో అందరికీ పెట్టినప్పుడు మా వదిన ఒకటి నోట్లో వేసుకుని, నిదానంగా కరగనిచ్చి, "చాక్లెట్ బాగుంది గానీ, కాఫీ ఏదీ?" అంది. ఆ మాట నిజమే. నేను వేసిన చెంచాడు కాఫీ పొడిని చాక్లెట్ పూర్తిగా మింగేసింది. ఆ తర్వాత నాలుగు చలికాలాల పాటు కాఫీ మార్చి, చాక్లెట్ మార్చి, క్రీమ్ మార్చి చేస్తూనే ఉన్నాను. చాలాసార్లు బాగా కుదిరాయి. ఒకసారి అసలు గట్టిపడనే లేదు. కాఫీ ట్రఫుల్ తిన్నాక నోట్లో కాఫీ తాగిన రుచి మిగలాలి అన్నది నా పట్టుదల. కింద చెప్పే పోలికలన్నిటికీ కొలబద్ద అదే.

ముందు ఒక లెక్క పెట్టుకుందాం. ట్రఫుల్ లోపలి మెత్తని ముద్దను గనాష్ అంటారు. తరిగిన చాక్లెట్ మీద వేడి క్రీమ్ పోసి కలిపితే వచ్చేది అదే. 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌కి 100 గ్రాముల క్రీమ్ పడితే, ఫ్రిజ్‌లో పెట్టాక చేత్తో ఉండలు చుట్టడానికి వీలుగా గట్టిపడుతుంది. మొత్తం 300 గ్రాములు. ఒక్కో ఉండ 12 గ్రాముల చొప్పున చేస్తే పాతిక వస్తాయి. నేను ఇక్కడ చెప్పే కొలతలన్నీ ఈ పాతిక ఉండలకే. కప్పులతో, గ్లాసులతో కొలిస్తే ఈ పని కుదరదు. క్రీమ్ 20 గ్రాములు ఎక్కువైనా తేడా తెలిసిపోతుంది. వంటింట్లో చిన్న డిజిటల్ తూకం లేకపోతే ముందు అది కొనండి, మంచి చాక్లెట్ తర్వాత కొనవచ్చు.

కాఫీని లోపలికి ఎలా చేర్చాలి?

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. ఎక్కువమంది ఇన్‌స్టంట్ పొడి వేస్తారు. కొందరు గింజలను క్రీమ్‌లో నానబెడతారు. మన ఇళ్లలో డికాక్షన్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చెయ్యి ముందు దాని మీదకే పోతుంది. ఫిల్టర్ పొడినే నేరుగా కలిపేసేవాళ్లూ ఉన్నారు. ఈ నాలుగింటి ఫలితాలు ఒకదానికొకటి పోలిక లేనంత వేరుగా ఉంటాయి.

ఇన్‌స్టంట్ పొడితో మొదలుపెడదాం, ఎందుకంటే దీంతో తప్పు జరగడం కష్టం. ఇందులో నీళ్లు లేవు. వేడి క్రీమ్‌లో వేసి తిప్పితే ఇట్టే కరిగిపోతుంది, గనాష్ లెక్క చెడదు. డార్క్ చాక్లెట్ అయితే 3 టీస్పూన్లు, మిల్క్ చాక్లెట్ అయితే 2 టీస్పూన్లు వేయండి. మొదటిసారి నేను చేసిన తప్పు ఒక్క చెంచాతో ఆపేయడం. క్రీమ్‌లో కలిపాక కొంచెం నాకి చూస్తే 'అబ్బో, ఇంత చేదా' అనిపించాలి. చాక్లెట్ కలిశాక ఆ చేదు సగానికి సగం తగ్గుతుంది. లోటల్లా వాసన దగ్గరే. ఇన్‌స్టంట్ రుచి నాలుక మీద గట్టిగానే తగులుతుంది కానీ, అప్పుడే వేయించిన గింజల పరిమళం దీనితో రాదు.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. నెస్కెఫే క్లాసిక్ లాంటివి పూర్తిగా కాఫీతోనే చేసినవి. బ్రూ ఇన్‌స్టంట్, నెస్కెఫే సన్‌రైజ్ లాంటి వాటిలో చికోరీ ఉంటుంది, ఎంత శాతమో ప్యాకెట్ మీదే రాస్తారు. చికోరీ కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరును ఎండబెట్టి వేయించిన పొడి. కెఫీన్ ఉండదు. చిక్కదనం, నలుపు, కాలిన పంచదార లాంటి చేదు ఇస్తుంది. ట్రఫుల్స్‌కి చికోరీ వద్దని చాలామంది చెబుతారు. నేను అలా అనను. చిన్నప్పటి నుంచి చికోరీ కలిసిన ఫిల్టర్ కాఫీ తాగినవాళ్ల నాలుకకు కాఫీ అంటే ఆ రుచే. మా నాన్నగారికి స్వచ్ఛమైన కాఫీతో చేసిన ట్రఫుల్ పెడితే "ఏదో పుల్లగా ఉందమ్మా" అన్నారు. చికోరీ ఉన్న పొడితో చేసింది పెడితే రెండోది అడిగి తీసుకున్నారు. మీ ఇంట్లో తినేవాళ్లు ఎవరో చూసుకుని తేల్చుకోండి.

ఇక గింజలను క్రీమ్‌లో నానబెట్టడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే. వదిన ప్రశ్నకు జవాబు దొరికింది కూడా ఇక్కడే. 20 గ్రాముల వేయించిన గింజలను చిన్న రోట్లో వేసి, ఒక్కో గింజ మూడు నాలుగు ముక్కలయ్యేలా దంచండి. మిక్సీ వద్దు, పొడి అయిపోతుంది. 150 గ్రాముల క్రీమ్‌ను సన్నని మంట మీద పెట్టి, అంచుల్లో చిన్న బుడగలు రాగానే దించి, దంచిన గింజలు వేసి మూత పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత మూత తీస్తే క్రీమ్ లేత గోధుమ రంగులోకి తిరిగి ఉంటుంది, పైన సన్నని నూనె మెరుపు తేలుతుంది. వాసన హాల్లోకి వెళ్లి మనుషుల్ని వంటింట్లోకి పిలుచుకొస్తుంది. పలుచని నూలు గుడ్డలో వడకట్టి, మెల్లగా పిండండి. గింజలు చాలా క్రీమ్‌ను పీల్చేసుకుంటాయి. 100 గ్రాములు కావాలంటే 150తో మొదలుపెట్టమన్నది అందుకే. వడకట్టాక మళ్లీ తూచి, తక్కువైతే మామూలు క్రీమ్‌తో నింపండి. ఈ ఒక్క పని మర్చిపోతే గనాష్ రాయిలా గట్టిపడుతుంది. అరగంట దాటి నానబెట్టకండి, వగరు దిగుతుంది.

దీనికి తోడు ఒక అర టీస్పూన్ ఇన్‌స్టంట్ కూడా ఆ క్రీమ్‌లో కలుపుతాను. పరిమళం గింజల నుంచి, గాఢత పొడి నుంచి వస్తాయి. ఇలా కలిపి చేసినప్పటి నుంచి మా ఇంట్లో ఇంకో పద్ధతి అడగడం మానేశారు.

గింజల విషయంలో మన తెలుగువాళ్లకు ఒక వరం ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన పండించే అరకు అరబికా రకం కాఫీ ఇప్పుడు తేలికగా దొరుకుతోంది. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో అరకు వ్యాలీ కాఫీ పేరుతో అమ్ముతారు. అరబికాలో పులుపు, తీపి కలిసిన సున్నితమైన పరిమళం ఉంటుంది. రోబస్టా అనే ఇంకో రకం చేదుగా, దిట్టంగా ఉంటుంది. క్రీమ్‌లో నానబెట్టడానికి అరబికా, మధ్యస్థం కంటే కాస్త ఎక్కువగా వేయించినది తీసుకోండి. మరీ లేతగా వేయించిన గింజల పులుపు క్రీమ్‌లో పడితే క్రీమే పాడైందేమో అన్న అనుమానం వస్తుంది. కాఫీ పొడి ఆడించే దుకాణానికి వెళ్తే "చికోరీ వద్దు, పొడి చేయొద్దు, గింజలే ఇవ్వండి" అని చెప్పండి. అడగకపోతే అలవాటు కొద్దీ పొడి కొట్టి ఇచ్చేస్తారు.

చల్లగా నానబెట్టడం అని ఇంకో దారి ఉంది. 30 గ్రాముల గింజలు దంచకుండా 150 గ్రాముల క్రీమ్‌లో వేసి, ఫ్రిజ్‌లో ఒక రోజంతా ఉంచి వడకట్టాలి. క్రీమ్ రంగు దాదాపు తెల్లగానే ఉంటుంది, వాసన మాత్రం కాఫీది. డార్క్ చాక్లెట్‌కి ఈ సున్నితత్వం చాలదు. వైట్ చాక్లెట్‌తో చేయాలనుకుంటే మాత్రం ఇంతకంటే మంచిది లేదు. తెల్లటి ఉండ కొరికితే పాలెక్కువ పోసిన కాఫీ రుచి రావడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు.

డికాక్షన్ సంగతి కాస్త బాధతోనే చెప్పాలి. ఒక డిసెంబర్ ఉదయం ఫిల్టర్‌లో మొదటి డికాక్షన్ చిక్కగా, నల్లగా దిగింది. దీన్ని మించిన కాఫీ రుచి ఎక్కడుంటుంది అనుకుని, వేయాల్సిన క్రీమ్ అంతా వేసేశాక దాని మీద ఇంకో చిన్న గ్లాసుడు డికాక్షన్ పోశాను. గనాష్ అద్దంలా మెరిసింది. ఫ్రిజ్‌లో రెండు రోజులు పెట్టినా గడ్డపెరుగు కంటే గట్టిపడలేదు. వేలు పెడితే అంటుకుని సాగింది. చాక్లెట్ అంతా పోయిందని చాలా దిగులుపడ్డాను. చివరికి వేడి పాలలో చెంచా చొప్పున కలుపుకుని వారం రోజులు తాగేశాం, అది మాత్రం చాలా రుచిగా ఉంది. తప్పు డికాక్షన్‌ది కాదు, లెక్కది. డికాక్షన్ అంటే దాదాపు అంతా నీళ్లే. దాన్ని క్రీమ్‌కి అదనంగా పోయకూడదు, క్రీమ్‌లో కొంత తగ్గించి ఆ స్థానంలో పోయాలి. 70 గ్రాముల క్రీమ్, 30 గ్రాముల మొదటి డికాక్షన్, 10 గ్రాముల ఉప్పులేని వెన్న. ఈ లెక్కతో గట్టిపడుతుంది. డికాక్షన్‌ను మరిగించి చిక్కబరుద్దాం అనుకుంటే మాడు వాసన వస్తుంది, నేను చేసి చూశాను. నీటి శాతం పెరిగినందుకు ఈ రకం నాలుగైదు రోజుల్లో తినేయాలి. రుచికి ఫిల్టర్ కాఫీ ఇంట్లో పుట్టినట్టే ఉంటుంది. కానీ మొదటిసారి చేసేవాళ్లకు ఇది వద్దు.

ఫిల్టర్ పొడిని నేరుగా గనాష్‌లో కలపడం గురించి ఒక్క మాటే. అది కరగదు. ఎంత మెత్తగా ఆడించినా నాలుకకు ఇసుకలా తగులుతుంది. ఆ పొడి ఉండల పైపూతకు ఉంచుకోండి.

చాక్లెట్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలి?

2024లో ప్రపంచ మార్కెట్లో కోకో గింజల ధర టన్నుకు 10,000 డాలర్లు దాటిపోయింది. మంచి చాక్లెట్ కొనాలంటే చెయ్యి వెనక్కి లాగడం సహజం. అందుకే దుకాణంలో కాంపౌండ్ స్లాబు చవగ్గా కనిపించగానే తీసుకోబుద్ధి అవుతుంది. కాంపౌండ్‌లో కోకో వెన్న బదులు పామ్ కెర్నెల్ లాంటి వృక్ష కొవ్వులు వాడతారు. ప్యాకెట్ వెనక 'హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్' అని ఉంటే అది కాంపౌండే. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే నోటి వేడికే కరుగుతుంది. ట్రఫుల్ నోట్లో పెట్టగానే జారిపోవడం దాని గొప్పతనమే. చాలా కాంపౌండ్ రకాలు అంత శుభ్రంగా కరగవు, అంగిలి మీద మైనంలా సన్నని పొర మిగులుతుంది. కాఫీ పరిమళం ఆ పొర కింద ఉండిపోతుంది. ఇరవై నిమిషాలు గింజలు నానబెట్టి తెచ్చుకున్న వాసనను ఇలా పోగొట్టుకోవడం నాకు ప్రాణం ఒప్పదు. లోపలి గనాష్‌కి అసలైన చాక్లెట్టే వాడండి. కావాలంటే పాతిక బదులు పన్నెండే చేయండి.

అసలైన చాక్లెట్ అంటే ఖరీదైన దిగుమతి సరుకే కానక్కర్లేదు. అమూల్ డార్క్‌లో 55 శాతం కోకో ఉంటుంది, చిన్న ఊళ్లలోనూ దొరుకుతుంది. కాఫీ ట్రఫుల్స్‌కి నేను మొదట చెప్పేది దాన్నే. కాఫీ ఎలాగూ చేదు తెస్తుంది కాబట్టి 55 శాతం దగ్గర తీపి, చేదు సరిగ్గా కుదురుతాయి. 70, 75 శాతం చాక్లెట్‌తో చేస్తే రెండు చేదులు కలిసి ఒకదాన్ని ఒకటి నొక్కేస్తాయి. అవి ఇష్టమైతే 10 గ్రాముల బెల్లం పొడి చేర్చండి. కాఫీకీ బెల్లానికీ మంచి స్నేహం. పరమాన్నంలో చేసినట్టే క్రీమ్‌ను పొయ్యి మీద నుంచి దించి, మరుగు తగ్గాకే బెల్లం కలపాలి. లేకపోతే విరిగే ప్రమాదం ఉంది. కోకో ఎక్కువున్న చాక్లెట్‌కి క్రీమ్ కూడా 10, 20 గ్రాములు ఎక్కువ పడుతుంది.

బేకింగ్ దుకాణాల్లో 'కూవర్చర్' అని దొరికేది కోకో వెన్న ఎక్కువగా ఉన్న చాక్లెట్. పైన నిగనిగలాడే పెంకు చేయాలంటే అది అక్కరకొస్తుంది. లోపలి గనాష్‌కి మామూలు మంచి బార్ చాలు. ఇంకో మాట. దేశంలో కోకో పంటలో ముందున్నది ఆంధ్రప్రదేశే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. పశ్చిమ గోదావరి ప్రాంతపు కోకోతో హైదరాబాద్‌లో మనం చాక్లెట్ వాళ్లు చేస్తున్న బార్లు ఒకసారి అరకు గింజలతో కలిపి చేసి చూడండి. ఖర్చు ఎక్కువే. కానీ కాఫీ, కోకో రెండూ మన నేలవే అయిన మిఠాయి చేతిలోకి తీసుకున్నప్పుడు కలిగే సంతోషం వేరు. నేను ఏడాదికి ఒకసారి, ఎవరికైనా ప్రత్యేకంగా ఇవ్వడానికే ఇలా చేస్తాను.

మిల్క్ చాక్లెట్ అయితే 100 గ్రాముల క్రీమ్‌కి 250 గ్రాములు, వైట్ చాక్లెట్ అయితే 300 గ్రాములు తీసుకోవాలి. వాటిలో కోకో తక్కువ, కాబట్టి గట్టిపడటానికి ఎక్కువ చాక్లెట్ కావాలి. ఈ తేడా తెలియక డార్క్ కొలతలతో మిల్క్ చాక్లెట్ చేసి 'గట్టిపడలేదు' అనుకునేవాళ్లు చాలామంది. మిల్క్ చాక్లెట్, ఇన్‌స్టంట్ కాఫీ జోడీ పిల్లలకు బాగా నచ్చుతుంది. కెఫీన్ గురించి భయపడేంత ఉండదు, రెండు మూడు కప్పుల కాఫీలోది పాతిక ఉండలకు పంచుకుంటుంది. రాత్రి పడుకునే ముందు మాత్రం పిల్లలకు పెట్టకండి.

క్రీమ్

టెట్రా ప్యాక్‌లో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. విదేశీ కొలతల్లో చెప్పే హెవీ క్రీమ్‌లో 35 శాతం పైనే ఉంటుంది. అంటే మన ప్యాకెట్‌లో నీళ్లు ఎక్కువ. ఆ కొలతలను ఉన్నదున్నట్టు పాటిస్తే ఉండలు మెత్తబడేది అందుకే. 100 గ్రాముల క్రీమ్ బదులు 90 గ్రాముల క్రీమ్, 10 గ్రాముల ఉప్పులేని వెన్న వేస్తే తేడా చాలావరకు పూడుతుంది. ఇంట్లో చిలికిన వెన్న అయితే నీళ్లు బాగా పిండి వేయండి. పాలతో చేసిన విప్పింగ్ క్రీమ్, 30 శాతం కొవ్వుది దొరికితే వెన్న అక్కర్లేదు. కేకుల మీద వేసే నాన్-డెయిరీ విప్పింగ్ క్రీమ్ మాత్రం వాడకండి. అందులో ముందే పంచదార, వృక్ష కొవ్వు ఉంటాయి. కాంపౌండ్‌తో వచ్చే మైనపు పొరే మళ్లీ వస్తుంది.

ఇంటి మీగడతో చేయవచ్చా అని మా అక్క అడిగింది. నాలుగు రోజులు పోగేసిన మీగడకు వెన్న కాచే వాసన వస్తుంది, కాఫీ పరిమళం దాన్ని దాటలేదు. ఆ రోజు కాచిన పాల మీగడ అయితే కొంచెం పాలతో మిక్సీలో తిప్పి వాడుకోవచ్చు, కానీ ఎక్కడో ఒకచోట పలుకు తగులుతుంది. పాలు వద్దనుకునేవాళ్లకు చిక్కటి మొదటి కొబ్బరిపాలు బాగుంటాయి. కాఫీకి కొబ్బరి బాగా నప్పుతుంది. రెండు మూడు రోజుల్లో తినేయాలి.

కలిపేటప్పుడు చెడితే

రెండు రకాలుగా చెడుతుంది. కరిగించిన చాక్లెట్‌లో నాలుగు చుక్కల నీళ్లో, డికాక్షనో పడితే ఒక్కసారిగా బరకగా గడ్డకడుతుంది. పంచదార, కోకో రేణువులు ఆ చుక్కల చుట్టూ అంటుకుపోవడం వల్ల ఇలా అవుతుంది. వింతగా అనిపించినా దానికి మందు ఇంకొంచెం ద్రవమే. లెక్కలో ఉన్న వేడి క్రీమ్ అంతా పోసి ఓపిగ్గా కలిపితే మళ్లీ సర్దుకుంటుంది. రెండోది, గనాష్ విరిగి పైకి నూనె తేలడం. ఎక్కువ వేడి చేసినా, జోరుగా గిలకొట్టినా ఇలా అవుతుంది. ఒక చెంచా గోరువెచ్చని పాలు మధ్యలో పోసి, గిన్నె నడిమధ్య నుంచి చిన్న చిన్న వలయాలుగా తిప్పండి. మొదట మధ్యలో రూపాయి బిళ్లంత మేర నున్నగా, నల్లగా మెరుస్తుంది. ఆ మెరుపును అంచుల దాకా పెంచుకుంటూ పోవాలి. తొందరపడి గరిటెతో బాదితే రాదు.

చిటికెడు ఉప్పు మర్చిపోవద్దు. చేదును మెత్తబరిచి కాఫీని పైకి తెస్తుంది. ఉప్పున్న వెన్న వాడితే వేరే ఉప్పు అక్కర్లేదు.

పైపూత, ఎండలు

గనాష్ నాలుగు గంటలు ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక చెంచాతో తీసి చల్లని చేతులతో చుట్టాలి. తేలికైన పూత కోకో పొడి. రెండు చెంచాల కోకోకి అర చెంచా మెత్తగా నూరిన ఇన్‌స్టంట్ కాఫీ కలిపితే నాలుకకు తగిలే మొదటి రుచే కాఫీ అవుతుంది. ఖర్చు లేకుండా కాఫీ రుచి పెంచుకోవడానికి ఇది మంచి ఉపాయం. తేమకు ఇన్‌స్టంట్ పొడి చెమ్మగిల్లుతుంది కాబట్టి వడ్డించే రోజే దొర్లించండి. వేయించి బరకగా దంచిన పలాస జీడిపప్పూ బాగుంటుంది.

టక్కుమని విరిగే చాక్లెట్ పెంకు కావాలంటే టెంపరింగ్ చేయాలి. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27-28కి చల్లార్చి, మళ్లీ 31-32కి తేవాలి. థర్మామీటర్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. కాంపౌండ్‌కి ఈ తంటా లేదు, కరిగించి ముంచితే చాలు. పైపూతకు కాంపౌండ్ వాడితే నేను తప్పు పట్టను, ముఖ్యంగా ఎండాకాలంలో. అయితే కాంపౌండ్‌నూ అసలు చాక్లెట్‌నూ కలిపి కరిగించకండి. రెండు కొవ్వులూ పడక మెత్తబడి, తెల్లటి మచ్చలు వస్తాయి.

మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో 42 డిగ్రీల ఎండలో ఉంటే ట్రఫుల్స్ మాట మర్చిపోయి కండెన్స్‌డ్ మిల్క్ ఉండలు చేసుకోవడం మేలు. బ్రెజిల్‌లో వీటిని బ్రిగడేరో అంటారు. ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, 3 చెంచాల కోకో, ఒక చెంచా వెన్న, 2 టీస్పూన్ల ఇన్‌స్టంట్ కాఫీ మందపాటి గిన్నెలో వేసి, హల్వా తిప్పినట్టు అడుగు కనిపించేదాకా తిప్పి, చల్లార్చి ఉండలు చేయాలి. పంచదార ఎక్కువ కాబట్టి బయట పెట్టినా వెంటనే కరిగిపోవు. తినేటప్పుడు సాగుతాయి, నోట్లో జారవు. ట్రఫుల్ అని పేరు పెట్టి ఇవ్వలేను గానీ ఎండాకాలపు పుట్టినరోజుకు హాయిగా సరిపోతాయి.

ఎవరికి ఏది?

మొదటిసారి చేస్తుంటే 55 శాతం డార్క్, 90 గ్రాముల ఫ్రెష్ క్రీమ్, 10 గ్రాముల వెన్న, 3 టీస్పూన్ల ఇన్‌స్టంట్, పైన కోకో. గంట పని, తప్పు జరిగే అవకాశం తక్కువ. కాఫీ మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్ల కోసం చేస్తుంటే అరబికా గింజలు క్రీమ్‌లో నానబెట్టండి, అర టీస్పూన్ ఇన్‌స్టంట్ తోడు వేయండి. అదనంగా పట్టేది అరగంట. పెద్దవాళ్లకు, ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లకు చికోరీ కలిసిన పొడి. చేదు పడని పిల్లలకు మిల్క్ చాక్లెట్, లేదంటే చల్లగా నానబెట్టిన క్రీమ్‌తో వైట్ చాక్లెట్. డికాక్షన్ రకం రెండు మూడుసార్లు చేసి చెయ్యి తిరిగాక పెట్టుకోండి. పెళ్లికో, పండక్కో వందల్లో కావాలంటే ఇన్‌స్టంట్ తప్ప వేరే దారి చూడకండి. గింజలు దంచి, వడకట్టి, మళ్లీ తూచే పని అంత మొత్తానికి టెన్షన్ తెచ్చిపెడుతుంది.

నిలవ సంగతి. క్రీమ్‌తో చేసిన ట్రఫుల్స్ ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. చాక్లెట్ పక్కనున్న వాసనలన్నీ పీల్చుకుంటుంది, చేపల పులుసు గిన్నె పక్కన పెడితే కాఫీ పోయి అదే వస్తుంది. బయటకు తీశాక వెంటనే మూత తెరిస్తే చల్లని ఉండల మీద నీటి చెమ్మ పట్టి కోకో పొడి నల్లగా తడిసిపోతుంది. మూత పెట్టే ఉంచి, చలికాలమైతే పదిహేను ఇరవై నిమిషాలు ఆగి, ఆ తర్వాత తెరవండి. చల్లగా ఉన్నప్పుడు కాఫీ వాసన బయటకు రాదు. ఆ కాస్త ఆగినందుకే రుచి మారిపోతుంది. విశాఖ నుంచి హైదరాబాద్‌కి రాత్రి రైల్లో పంపాలంటే డిసెంబర్, జనవరి నెలల్లో స్టీలు డబ్బాలో బటర్ పేపర్ వరసలు వేసి పంపుతాను. ఏసీ బోగీలో అయితే పొద్దున్నకి చెక్కుచెదరకుండా దిగుతాయి. ఫిబ్రవరి దాటాక పంపను.